కు క్లక్స్ క్లాన్ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

కు క్లక్స్ క్లాన్ అంటే అమెరికాలో తెల్లజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగిన రహస్య సంఘం. ఆ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది సినిమా బొమ్మే: తెల్ల గౌన్లు, కోసు టోపీలు, మండుతున్న శిలువ. ఆ వేషంలో సగం క్లాన్ పుట్టిన 50 ఏళ్ల తర్వాత వచ్చి చేరింది. ముసుగు వెనక ఎవరున్నారు, పట్టుబడ్డాక వాళ్లని ఎవరు వదిలేశారు అని అడగడం మొదలుపెడితేనే అసలు చరిత్ర బయటపడుతుంది. అందుకే ఇక్కడ వేషాల గురించి తక్కువ, షెరీఫుల (స్థానిక పోలీసు పెద్దల) గురించి, జ్యూరీల గురించి, డబ్బు గురించి ఎక్కువ ఉంటుంది.

క్లాన్ ఎక్కడ, ఎప్పుడు మొదలైంది?

టెనెసీ రాష్ట్రంలో పులాస్కీ అనే చిన్న ఊళ్లో. అమెరికా అంతర్యుద్ధం 1865 వసంతంలో ముగిసింది. బానిసత్వం కోసం పోరాడి ఓడిన దక్షిణాది సైన్యం నుంచి ఇల్లు చేరిన ఆరుగురు కుర్రాళ్లు, ఆ ఏడాది చివర్లో ఒక లాయర్ ఆఫీసులో కూర్చుని ఈ రహస్య సంఘం పెట్టుకున్నారు. 1866లో పెట్టారనే చరిత్రకారులూ ఉన్నారు. వలయం అనే అర్థమున్న గ్రీకు మాటని కాస్త విరిచి, దానికి క్లాన్ అని తగిలించారు. పేరు వెనక అంతకు మించిన మర్మం లేదు.

ఊసుపోక, సరదా కోసం పెట్టుకున్న సంఘమని క్లాన్‌ని వెనకేసుకొచ్చేవాళ్లు ఈనాటికీ చెబుతుంటారు. మొదటి కొన్ని నెలలకు ఆ మాట చెల్లుతుందేమో. 1867 నాటికి మాత్రం అది నల్లవాళ్ల ఇళ్ల మీద రాత్రిపూట పడే సాయుధ ముఠా.

ఆ లాయర్ ఆఫీసు గోడకు 1917లో ఒక స్మారక ఫలకం పెట్టారు. 1989లో ఆ భవనం యజమాని దాన్ని ఊడదీసి, అక్షరాలు గోడవైపు ఉండేలా తిప్పి బిగించేశాడు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు కనిపించేది ఖాళీ రేకు మాత్రమే.

అసలు వాళ్ల కోపం దేని మీద?

యుద్ధం తర్వాత దాదాపు 40 లక్షల మంది బానిసలు స్వేచ్ఛ పొందారు. 1865 డిసెంబర్‌లో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. దక్షిణాది రాష్ట్రాలు వెంటనే ‘బ్లాక్ కోడ్స్’ పేరుతో చట్టాలు తెచ్చాయి. పని ఒప్పందం లేని నల్లవాణ్ని దేశదిమ్మరిగా అరెస్టు చేసి మళ్లీ పొలానికే తోలడం వాటి ఉద్దేశం. 1867లో అమెరికా పార్లమెంటు ఆ రాష్ట్రాలను సైన్యం కిందికి తెచ్చి, నల్లజాతి మగవాళ్లకు ఓటు ఇప్పించింది. మూడేళ్లలోనే హైరమ్ రెవెల్స్ సెనేట్‌లో, బానిసగా పుట్టిన జోసెఫ్ రెయినీ ప్రతినిధుల సభలో కూర్చున్నారు.

‘ద్వేషం’ అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తే ఇదంతా అర్థం కాదు. ఎవరిని కొట్టారో చూడండి: నల్లపిల్లలకు చదువు చెప్పే టీచర్లు, ఎన్నికల్లో నిలబడ్డవాళ్లు, ఓటర్లను కూడగట్టినవాళ్లు, కూలి సరిగ్గా లెక్కగట్టమని అడిగినవాళ్లు, వాళ్లకు తోడుగా నిలిచిన తెల్లవాళ్లు. బడులు, చర్చిలు తగలబెట్టారు. పత్తి పొలంలో కూలి చవగ్గా దొరకాలి, ఓటు పెట్టె తెల్లవాడి చేతిలోనే ఉండాలి. క్లాన్ కార్యక్రమం అంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది.

ఆ రోజుల్లో నల్లవాళ్లు ఓటేసింది లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్లకు. దక్షిణాది తెల్లవాళ్ల పార్టీ డెమోక్రాట్లది. ఇప్పటి అమెరికా పార్టీల లెక్కని అప్పటికి అంటగడితే అంతా తలకిందులవుతుంది.

నాథన్ బెడ్‌ఫర్డ్ ఫారెస్టే కదా స్థాపకుడు?

కాదు. ఆ ఆరుగురిలో అతను లేడు. మెంఫిస్‌లో బానిసల వ్యాపారం చేసి బాగా సంపాదించినవాడు, తర్వాత దక్షిణాది అశ్విక దళ సేనాని. 1864 ఏప్రిల్‌లో ఫోర్ట్ పిల్లో దగ్గర లొంగిపోతున్న నల్లజాతి సైనికులను చంపింది అతని దళమే. 1867లో క్లాన్ అతన్ని తన పెద్దగా, ‘గ్రాండ్ విజర్డ్’గా ఎంచుకుంది. 1869 జనవరిలో ముసుగులు, గౌన్లు తగలబెట్టి సంఘం ఆపేయమని ఆజ్ఞ ఇచ్చాడు. స్థానిక ముఠాలు ఆ ఆజ్ఞని లెక్కచేయలేదు. తర్వాత పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చి, తనకేమీ తెలియదన్నట్టు దాటేశాడు.

మొదటి క్లాన్ చేసిన పనులేంటి?

రాత్రిపూట గుర్రాల మీద వచ్చి తలుపులు పగలగొట్టడం, కొరడాలతో కొట్టడం, ఉరి తీయడం, ఆడవాళ్లపై అత్యాచారాలు. 1868 అక్టోబర్‌లో ఆర్కన్సాస్ పార్లమెంటు సభ్యుడు జేమ్స్ హైండ్స్‌ని దారిలో కాల్చి చంపారు. 1870 ఫిబ్రవరిలో నార్త్ కరొలైనాలోని గ్రాహం అనే ఊళ్లో నల్లజాతి నాయకుడు వయట్ అవుట్‌లాని కోర్టు ఎదురుగా ఉన్న చెట్టుకే ఉరేశారు. అదే ఏడాది మే నెలలో ఆ పక్కనే కాస్వెల్ కౌంటీలో రాష్ట్ర సెనేటర్ జాన్ స్టీఫెన్స్‌ని ఏకంగా కోర్టు భవనం లోపలే చంపారు. కింద హత్య జరుగుతుంటే పైన డెమోక్రాట్ల సభ నడుస్తోంది. దీన్ని అణచడానికి బలగాలను దింపిన గవర్నర్ హోల్డెన్‌ని ఆ రాష్ట్ర శాసనసభే అభిశంసించి 1871లో పదవిలోంచి తీసేసింది. 2011లో, అంటే 140 ఏళ్ల తర్వాత, అదే రాష్ట్ర సెనేట్ ఆయనకు క్షమాభిక్ష పెడుతూ ఓటు వేసింది. ఎవరు ఎవరిని క్షమించాలో మీరే చెప్పండి.

ఒక్క సాక్ష్యమే చదవాలంటే నేను చూపించేది ఏబ్రామ్ కోల్బీది. బానిసగా పుట్టి, జార్జియా శాసనసభకు ఎన్నికైన మనిషి. ముందు డబ్బు ఆశ చూపించి పదవి వదులుకోమన్నారు, ఒప్పుకోలేదు. 1869 అక్టోబర్‌లో ఒక రాత్రి మంచం మీద నుంచి లాక్కెళ్లి, అడవిలో మూడు గంటలపాటు కొట్టి, చచ్చాడనుకుని వదిలేశారు. మధ్యలో ఆపి, ఇంకోసారి రిపబ్లికన్లకు ఓటేస్తావా అని అడిగారట. అబద్ధం చెప్పను, రేపు ఎన్నికలు జరిగినా వాళ్లకే వేస్తాను అన్నాడాయన. మళ్లీ కొట్టారు. తర్వాత పార్లమెంటు కమిటీ ముందు ఇదంతా చెబుతూ, తనని కొట్టినవాళ్లలో ఒకడు లాయర్, ఒకడు డాక్టర్, కొందరు రైతులు అన్నాడు. వాళ్లు ఊళ్లో పెద్దమనుషులని కూడా చెప్పాడు.

బాధితులకు వాళ్లెవరో తెలుసు. గొంతు పట్టి, బూట్లు చూసి, గుర్రాన్ని చూసి గుర్తుపట్టామని ఎంతోమంది సాక్ష్యం ఇచ్చారు. దీన్నిబట్టి చూస్తే, ముసుగు కోర్టులో ‘ఎవరో తెలియదు’ అని చెప్పుకోడానికి పనికొచ్చినంతగా మొహం దాచుకోడానికి పనికిరాలేదు.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందా?

కొన్నాళ్లు ఊరుకుంది. కదిలినప్పుడు మాత్రం గట్టిగానే కదిలింది. 1870లో కేంద్ర న్యాయ శాఖ ఏర్పడింది. 1871 ఏప్రిల్ 20న అధ్యక్షుడు గ్రాంట్ సంతకం చేసిన చట్టాన్ని జనం కు క్లక్స్ క్లాన్ చట్టం అనే పిలిచారు. పౌరుల హక్కులు అడ్డుకోడానికి కుట్ర చేస్తే కేంద్రమే కేసు పెట్టొచ్చు, అవసరమైతే సైన్యాన్ని దింపొచ్చు. రెయినీ ఈ చట్టం కోసం సభలో మాట్లాడాడు. అక్టోబర్‌లో గ్రాంట్ సౌత్ కరొలైనాలోని 9 కౌంటీల్లో హెబియస్ కార్పస్ హక్కునే, అంటే అరెస్టు సబబో కాదో కోర్టులో తేల్చమని అడిగే హక్కునే, నిలిపేశాడు. మేజర్ లూయిస్ మెరిల్ దళం యార్క్ కౌంటీలో వందల మందిని పట్టుకుంది. నేరం ఒప్పుకోడానికి జనం తమంతట తాము వరస కట్టారు. చాలామంది ఊళ్లొదిలి పారిపోయారు. 1872 నాటికి సంఘంగా క్లాన్ నడుం విరిగింది.

ఆ తర్వాత ఉత్తరాదికి ఓపిక అయిపోయింది. ఈ కేసులు ముందుండి నడిపిన అటార్నీ జనరల్ ఏమోస్ ఎకర్‌మన్ చేత 1871 చివర్లోనే రాజీనామా చేయించారు. శిక్ష పడ్డవాళ్లకు క్షమాభిక్షలు దొరికాయి. 1876లో క్రూక్‌షాంక్ కేసులో, 1883లో హారిస్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాల కోరలు పీకేసింది. 1877లో ఒక రాజకీయ బేరం కుదిరి, దక్షిణాదిలో నల్లవాళ్లకు అండగా ఉన్న సైన్యం పక్కకు తప్పుకుంది.

క్లాన్ అప్పుడు కనిపించకుండా పోయిందంటే, దాని అవసరం తీరిపోయింది కాబట్టి. వైట్ లీగ్, రెడ్ షర్ట్స్ లాంటి గుంపులు ముసుగు కూడా లేకుండా అదే పని చేశాయి. ఆ తర్వాత ఓటు హక్కు తీసేయడం, బడుల్లో, రైళ్లలో నల్లవాళ్లను విడిగా కూర్చోబెట్టడం చట్టాలే చూసుకున్నాయి.

మండే శిలువ మొదటి క్లాన్‌దేనా?

కాదు. టామస్ డిక్సన్ 1905లో రాసిన నవల నుంచి వచ్చింది. దాని ఆధారంగా డి.డబ్ల్యు. గ్రిఫిత్ 1915లో ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ సినిమా తీశాడు. క్లాన్‌ని వీరులుగా చూపించిన ఆ సినిమాని అధ్యక్షుడు విల్సన్ వైట్ హౌస్‌లోనే వేయించుకుని చూశాడు.

అదే ఏడాది ఆగస్టులో జార్జియాలో లియో ఫ్రాంక్ అనే యూదు ఫ్యాక్టరీ మేనేజరుని జైల్లోంచి ఎత్తుకెళ్లి ఉరేశారు. నవంబర్‌లో విలియం జోసెఫ్ సిమన్స్ అనే మాజీ పాస్టరు అట్లాంటా దగ్గరి స్టోన్ మౌంటెన్ కొండ మీదికి ఓ గుంపుని తీసుకెళ్లి, శిలువ తగలబెట్టి, క్లాన్ మళ్లీ పుట్టిందన్నాడు. సినిమా అట్లాంటాలో విడుదలయ్యే ముందు చూసుకుని పెట్టిన ముహూర్తం అది.

1920ల్లో లక్షలమంది ఎలా చేరారు?

మార్కెటింగ్ వల్ల. సిమన్స్ చేతిలో ఐదేళ్లకు కొన్ని వేలమందే పోగయ్యారు. 1920లో ఎడ్వర్డ్ క్లార్క్, ఎలిజబెత్ టైలర్ అనే ఇద్దరు ప్రచార నిపుణులతో ఒప్పందం చేసుకున్నాడు. సభ్యత్వం 10 డాలర్లు. చేర్పించిన ఏజెంటుకి అందులోంచి 4 డాలర్లు, మిగిలింది పైవాళ్లకు వాటాలు. మన దగ్గర గొలుసుకట్టు స్కీములు చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. గౌన్లు కూడా సంఘం దగ్గరే కొనాలి, దాని మీదా లాభమే.

ఏ ఊళ్లో ఏ భయం అమ్ముడుపోతుందో ఏజెంటు కనుక్కునేవాడు. ఒకచోట నల్లవాళ్లు, ఇంకోచోట కేథలిక్కులు, మరోచోట యూదులు, వలసవచ్చినవాళ్లు, దొంగసారా అమ్మేవాళ్లు. చర్చి పాస్టర్లకు సభ్యత్వం ఉచితం. ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రిక 1921 సెప్టెంబర్‌లో మూడు వారాలపాటు క్లాన్ గుట్టు బయటపెట్టింది, పార్లమెంటు విచారణ జరిగింది. ఇక పని అయిపోయిందనుకున్నారు. దేశమంతా పేరు తెలిసి సభ్యులు ఇంకా పెరిగారు. 1922లో డల్లాస్‌కి చెందిన దంతవైద్యుడు హైరమ్ ఎవాన్స్ సిమన్స్‌ని పక్కకు నెట్టి పెత్తనం తీసుకున్నాడు.

1920ల మధ్యలో సభ్యులు 30 లక్షల నుంచి 60 లక్షల దాకా ఉంటారని అంచనాలు. ఇది దక్షిణాది జబ్బు మాత్రమే అనుకునేవాళ్లు ఇండియానా చూడాలి. అక్కడ దాదాపు రెండున్నర లక్షలమంది చేరారు, 1924లో క్లాన్ బలపరిచిన ఎడ్ జాక్సన్ గవర్నరుగా ఎన్నికయ్యాడు. అదే ఏడాది కొలరాడోలోనూ గవర్నరుగా గెలిచింది క్లాన్ మనిషే. ఓరెగన్‌లో కేథలిక్ బడులు మూతపడేలా 1922లో చట్టం తెచ్చారు, సుప్రీంకోర్టు 1925లో దాన్ని కొట్టేసింది. ఆడవాళ్లకు వేరే విభాగం ఉండేది. 1925 ఆగస్టులో 30 వేల మందికి పైగా వాషింగ్టన్ వీధుల్లో కవాతు చేశారు, అదీ ముసుగులు లేకుండా. దాచుకోవాల్సిన అవసరమేం కనిపించలేదు వాళ్లకు.

అంత పెద్ద సంఘం ఎలా కూలింది?

ఎక్కువగా దాని నాయకుల వల్లే. ఇండియానా క్లాన్ పెద్ద డి.సి. స్టీఫెన్సన్ ఆడవాళ్ల మానం కాపాడతామని ఉపన్యాసాలిచ్చేవాడు. 1925 మార్చిలో ఒక యువతిని బలవంతంగా రైలెక్కించి దారుణంగా అత్యాచారం చేశాడు. ఆమె విషం తీసుకుంది. చనిపోయే ముందు జరిగిందంతా వాంగ్మూలంగా ఇచ్చింది. నవంబర్‌లో జ్యూరీ అతన్ని హంతకుడిగా తేల్చింది. తన గవర్నర్ క్షమాభిక్ష ఇస్తాడని ఎదురుచూసి, ఇవ్వకపోయేసరికి, ఎవరెవరికి ఎంత లంచమిచ్చిందీ బయటపెట్టాడు. ఇండియానాపోలిస్ మేయర్ జైలుకెళ్లాడు. సభ్యులు గుంపులు గుంపులుగా తప్పుకున్నారు. చివరికి 1944లో పన్నుల శాఖ 6,85,000 డాలర్ల బకాయి కట్టమంటే జాతీయ సంఘం మూతపడింది.

ఆ కాలంలో భారతీయుల పరిస్థితి ఏంటి?

క్లాన్ నేరుగా గురిపెట్టేంత సంఖ్యలో మనవాళ్లు అప్పుడు లేరు. పంజాబ్ నుంచి వెళ్లినవాళ్లు పశ్చిమ తీరంలో కొన్ని వేలమంది ఉండేవారు. అయితే క్లాన్ ఆలోచన క్లాన్‌తోనే ఆగలేదు. అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వం అడిగితే, సామాన్యుడి లెక్కలో నువ్వు తెల్లవాడివి కావని 1923లో సుప్రీంకోర్టు తేల్చింది. 1924 వలస చట్టం ఆసియావాళ్లకు తలుపులు మూసింది. ఆ చట్టం కావాలని గట్టిగా అరిచినవాళ్లలో క్లాన్ ఉంది, కానీ ఓటేసినవాళ్లలో చాలామందికి క్లాన్ సభ్యత్వం అక్కర్లేకపోయింది. 1946లో భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా ఇచ్చారు. తలుపు నిజంగా తెరుచుకుంది 1965 చట్టంతో. అమెరికాలో తెలుగువాళ్ల కథ దాదాపుగా అక్కడి నుంచే మొదలవుతుంది.

1960ల్లో మళ్లీ ఎందుకు లేచింది?

బడుల్లో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక చిన్నచిన్న క్లాన్‌లు చాలా పుట్టాయి. సభ్యులు వెనకటంత లేరు, బాంబులు మాత్రం ఎక్కువయ్యాయి. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో 1961 మే నెలలో, బస్సుల్లో జాతి విభజనని ధిక్కరిస్తూ ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్ల బస్సు వస్తే, పోలీసు అధిపతి బుల్ కానర్ వాళ్లను కొట్టుకోడానికి క్లాన్‌కి 15 నిమిషాలు వదిలేశాడు. అదే ఊళ్లో 1963 సెప్టెంబర్ 15 ఆదివారం పొద్దున 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి 14 ఏళ్లు, ఒకమ్మాయికి 11.

1964 జూన్ 21న మిసిసిపీలో జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అనే ముగ్గురు ఓటు హక్కు కార్యకర్తలను డిప్యూటీ షెరీఫ్ స్పీడుగా వెళ్తున్నారని ఆపి జైల్లో పెట్టాడు. రాత్రి వదిలేశాడు, తర్వాత తనే వెంటాడి పట్టుకుని క్లాన్‌కి అప్పగించాడు. 44 రోజులకు ఒక మట్టికట్ట కింద శవాలు దొరికాయి. రాష్ట్రం హత్య కేసే పెట్టలేదు. కేంద్రం పౌరహక్కుల కేసు పెడితే 1967లో ఏడుగురికి శిక్ష పడింది. ఎడ్గర్ రే కిల్లెన్ అనే పాస్టరు, ఒక పాస్టరుని దోషిగా తేల్చలేనని ఒక జ్యూరీ సభ్యురాలు మొండికేయడంతో బయటపడ్డాడు. అతనికి శిక్ష పడింది 2005లో, సరిగ్గా 41 ఏళ్లకు.

చర్చి బాంబు కేసులో శిక్షలు 1977, 2001, 2002లో పడ్డాయి. అన్నేళ్లు సాక్ష్యం దొరకలేదా అంటే, ఎఫ్‌బీఐ దగ్గర టేపులు ఉన్నాయి, 1960ల్లో ప్రాసిక్యూటర్లకు ఇవ్వలేదు. 1965లో వయోలా లియుజ్జో అనే పౌరహక్కుల కార్యకర్తని, ఐదుగురు పిల్లల తల్లిని, కారు వెంటాడి కాల్చి చంపినప్పుడు హంతకుల కారులో ఎఫ్‌బీఐ ఇన్‌ఫార్మర్ ఒకడు కూర్చునే ఉన్నాడు.

క్లాన్‌ని దివాలా తీయించిన కేసు ఏది?

1981లో అలబామాలోని మొబీల్‌లో మైకేల్ డొనాల్డ్ అనే 19 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ని, దారిన పోతుంటే పట్టుకుని చంపి చెట్టుకు వేలాడదీశారు. హంతకులకు శిక్షలు పడ్డాయి. ఒకడికి 1997లో ఎలక్ట్రిక్ కుర్చీలో మరణశిక్ష అమలు చేశారు. కానీ మైకేల్ తల్లి బ్యూలా మే డొనాల్డ్ అక్కడితో ఆగలేదు, సంఘం మీదే దావా వేసింది. 1987లో జ్యూరీ 70 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలంది. యునైటెడ్ క్లాన్స్ ఆఫ్ అమెరికా దగ్గర ఉన్న ఆస్తల్లా ఆఫీసు భవనమే. దాన్ని ఆమెకు రాసిచ్చి ఆ సంఘం ముగిసిపోయింది. బర్మింగ్‌హామ్ బాంబు వేసింది, లియుజ్జోని చంపింది ఆ సంఘం మనుషులే.

అదే 1981లో టెక్సస్ తీరంలో వియత్నాం శరణార్థులైన జాలర్లను క్లాన్ తుపాకులతో బెదిరిస్తే, వాళ్లూ కోర్టుకెళ్లి గెలిచారు. తీర్పు ఇచ్చిన జడ్జి గాబ్రియెల్ మెక్‌డొనాల్డ్ నల్లజాతి మహిళ.

ఇప్పటికీ ఉందా? ఉంటే నిషేధించరేం?

ఉంది, ఒక్క సంఘంగా కాదు. ఒకరితో ఒకరికి పడని చిన్నచిన్న ముఠాలు. క్లాన్ పాత నాయకుడు డేవిడ్ డ్యూక్ 1989లో గౌను వదిలి సూటు వేసుకుని లూసియానా శాసనసభకు గెలిచాడు. 2017 ఆగస్టులో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో తెల్లజాతి ఆధిపత్యం పేరుతో ర్యాలీ చేసినవాళ్లలో ఎక్కువమంది కొత్త గుంపులవాళ్లు, పోలో చొక్కాల కుర్రాళ్లు.

నిషేధం విషయానికొస్తే, అమెరికాలో మాటకు రక్షణ చాలా ఎక్కువ. ఒక క్లాన్ నాయకుడి కేసులోనే 1969లో సుప్రీంకోర్టు, అప్పటికప్పుడు హింసకు ఉసిగొల్పితే తప్ప ప్రసంగానికి శిక్ష వేయకూడదంది. ఎవరినైనా బెదిరించడానికి శిలువ తగలబెడితే మాత్రం నేరమేనని 2003లో చెప్పింది.

మనవాళ్ల మీద జరిగిన దాడుల వెనక క్లాన్ ఉందా?

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో హైదరాబాద్ ఇంజనీరుని ఒక తెల్లవాడు, మా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చి చంపాడు. దాని వెనక క్లాన్ లేదు, ఒంటరిగా చేశాడు. 2012లో విస్కాన్సిన్‌లోని ఓక్ క్రీక్ గురుద్వారాలో కాల్పులు జరిపినవాడు నియో నాజీ సంగీత ముఠాల్లో తిరిగినవాడు. వాట్సాప్‌లో ప్రతి దాడినీ క్లాన్ ఖాతాలో వేయడం సులువే కానీ, సభ్యత్వం కార్డు లేనివాళ్లే ఇప్పుడు ఎక్కువ ప్రమాదకరం.

1871 చట్టం ఏమైంది?

కోర్టులు కొంత కొట్టేసినా మిగిలింది బతికే ఉంది. పోలీసులు అన్యాయంగా కొట్టారని, హక్కులు కాలరాశారని అమెరికాలో ఎవరైనా అధికారుల మీద దావా వేస్తే, ఎక్కువగా వాడేది అందులోంచి వచ్చిన సెక్షన్ 1983నే. షార్లట్స్‌విల్ ర్యాలీలో జరిగిన హింస బాధితులు కూడా అదే చట్టంలోని కుట్ర సెక్షన్ కింద నిర్వాహకుల మీద దావా వేశారు. 2021లో జ్యూరీ ఆ కేంద్ర చట్టం కింద వేసిన ఆరోపణల మీద ఏకాభిప్రాయానికి రాలేదు. వర్జీనియా రాష్ట్ర చట్టాల కింద మాత్రం రెండున్నర కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.